తారీఖు అంటే సాక్ష్యం

(యువ విలేకరులు, రచయితల శిక్షణ తరగతిలో 'చరిత్రలో ఈ రోజు' శీర్షిక మీద చేసిన ప్రసంగ పాఠం)



పేపర్లో అన్నిటికన్నా చిన్న శీర్షిక గురించి మాట్లాడమన్నరు. ఎడిటోరియల్ కాదు, మెయిన్ స్టోరీ కాదు. ఒక మూలకు నాలుగు వరుసలు, అంతే. కానీ ఎడిటోరియల్ ముట్టనోడు గూడ ఆ నాలుగు వరుసలు చదువుతడు. బడిలో సార్లు ప్రార్థన టైముకు బోర్డు మీద రాయిస్తరు. గ్రూప్స్‌కు తయారయ్యే పిల్లలు నోటుబుక్కులో ఎక్కించుకుంటరు. తెలంగాణ వచ్చినంక గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షల్లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర అవతరణ మీద ప్రత్యేకంగా ఒక పేపరే పెట్టిన్రు. మనం తప్పు తారీఖు రాస్తే అది ఒక మూలకు పడి ఉండదు. బోర్డు మీదికి, నోటుబుక్కులకు, గైడ్లకు ఎక్కుతది. పదేండ్లకు అదే 'ఆధారం' అయి మన ముందరికే తిరిగొస్తది.

ఇంకో సంగతి గూడ ఉన్నది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి గారు ఏం చేసిన్రు? కోపంతోని వ్యాసం రాసి ఊకోలేదు. 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవులను ముందర పెట్టిన్రు. పేర్లతోని జవాబు చెప్పిన్రు. మనకు ఆయన నేర్పిన పాఠం అదే. లేదన్నోనికి ఉన్నదని చెప్పాలంటే గొంతు పెంచితే సరిపోదు. పేరు, ఊరు, తారీఖు చూపెట్టాలె. ఆ మూడిట్ల ఒక్కటి తప్పయినా మిగతా రెండు గూడ అనుమానంల పడుతయి.

దేన్ని ఎంచుకుంటం?

2009లో నేను విద్యార్థిని. పెద్దమనుషుల ఒప్పందం ఎప్పుడయిందో నాకు బడిలో తెలువలేదు, ధూంధాం వేదిక కాడ తెలిసింది. 1956 ఫిబ్రవరి 20. నవంబర్ 1 మాత్రం ఒకటో తరగతి నుంచి తెలుసు. రెండు తారీఖులూ నిజమే. కానీ ఒకటే చెప్పి ఇంకోటి చెప్పకపోతే పిల్లగానికి సగం చరిత్రే అందుతది. అబద్ధం ఒక్కటి గూడ రాయకుండనే చరిత్రను వంకర చేయొచ్చు. దానికి ఎంపిక ఒక్కటి చాలు. అందుకే ముందు ఎంపిక గురించి మాట్లాడుకుందాం.

ఒక తారీఖు ముందర పెట్టుకున్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలె. ఆ రోజు జరిగిన దానివల్ల ఎవరి బతుకు మారింది? ఈ వారం మన శీర్షికలో ఎవరు కనబడుతలేరు? ఈ తారీఖు మనకు ఎట్ల తెలుసు?

ఫిబ్రవరి 18 చూడండి. 2014లో ఆ రోజు లోక్‌సభలో తెలంగాణ బిల్లు పాసయింది. అది ఎట్లాగూ రాస్తం. కానీ 1939లో అదే రోజు భాగ్యరెడ్డి వర్మ కన్నుమూసిండు. హైదరాబాద్‌లో అంటరాని కులాల పిల్లలకు బళ్లు పెట్టిన మనిషి, ఆది హిందూ ఉద్యమానికి దారి వేసిన మనిషి. బిల్లు రాసి ఆయనను వదిలిపెడితే, రాష్ట్రం ఎవరి కోసం అడిగినమో ఆ మాటే మర్చిపోయినట్టు. రెండూ పట్టేంత జాగ ఆ నాలుగు వరుసల్లో ఉన్నది.

ఫిబ్రవరి 20 ఇంకా చిత్రమైన రోజు. 1956లో పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు అయింది ఆ రోజే. 58 ఏండ్లకు, 2014లో రాజ్యసభ తెలంగాణ బిల్లును పాస్ చేసింది గూడ ఆ రోజే. ఇటువంటిది దొరికితే ప్రాణం లేచొస్తది. రాయండి, తప్పకుండ రాయండి. కానీ కావాలనే ఆ రోజు పెట్టిన్రని మాత్రం రాయొద్దు. రెండు సంగతులు పక్కపక్కన పెడితే చాలు, చదివేటాయనకు తెలివి ఉన్నది.

ఎంపికలో ఇంకో మోసం ఉన్నది. పుట్టినరోజు రాసి పెట్టుకున్న ఇండ్లల్ల పుట్టినోల్లకు జయంతి ఉంటది. దొరల ఇండ్లల్ల, చదువుకున్నోల్ల ఇండ్లల్ల జాతకం రాయించుకుంటరు. కూలికి పోయే తల్లి పొలం గట్టున కన్న బిడ్డకు తారీఖు ఎవరు రాస్తరు? 'పెద్ద వాన పడ్డ ఏడు', 'గత్తర వచ్చిన ఏడు' అని చెప్పుకుంటరు. కాబట్టి తారీఖులు దొరికినోల్లనే ఏరుకుంటూ పోతే మన శీర్షిక మెల్లమెల్లగ పెద్దింటోల్ల పుట్టినరోజుల పట్టిక అయిపోతది. చాకలి ఐలమ్మ పుట్టిన ఏడు ఒక దగ్గర 1895 అని ఉంటది, ఒక దగ్గర 1919 అని ఉంటది. ఆమె పోయింది మాత్రం 1985 సెప్టెంబర్ 10 అని తెలుసు. మల్లు స్వరాజ్యం పోయింది 2022 మార్చి 19. ఇటువంటోల్లకు గట్టిగా తెలిసిన రోజునే పట్టుకోవాలె. వర్ధంతి తెలిస్తే వర్ధంతి, పోరాటం రోజు తెలిస్తే ఆ రోజు.

బడి రిజిస్టర్‌ను గూడ కళ్లు మూసుకొని నమ్మొద్దు. మన ఊర్లల్ల సార్లు పిల్లగాన్ని బడిలో చేర్చుకునేటప్పుడు వయసుకు సరిపోయేటట్టు జూన్‌లోనో జూలైలోనో ఒక తారీఖు వేసేటోల్లు. మీ నాయనల, పెదనాయనల సర్టిఫికెట్లు తీసి చూడండి. సగం ఊరు జూలై 1న పుట్టినట్టు ఉంటది.

ఏ రోజు అసలు రోజు?

ఇక తారీఖును సరిచూసుకునే పని. మొదటి చిక్కు: ఒక సంఘటనకు ఒకటే రోజు ఉండదు. తెలంగాణ రాష్ట్రం ఎప్పుడు వచ్చింది? లోక్‌సభ ఫిబ్రవరి 18, రాజ్యసభ ఫిబ్రవరి 20, రాష్ట్రపతి సంతకం మార్చి 1, రాష్ట్రం ఏర్పడింది జూన్ 2. అన్నీ 2014లోనే. ఏ ఒక్కటీ తప్పు కాదు, కానీ ఒక్కొక్కటి ఒక్కొక్క పని. 'రాష్ట్రం వచ్చింది' అని ఫిబ్రవరి 18 కింద రాస్తే తప్పయితది. 'లోక్‌సభలో బిల్లు పాసయింది' అంటే నిజమయితది. ఉస్మానియా యూనివర్సిటీది గూడ అదే కథ. ఫర్మానా వచ్చింది 1917 ఏప్రిల్ 26న. యూనివర్సిటీ ఏర్పడ్డ ఏడు అని 1918ని చెప్తరు. శతాబ్ది ఉత్సవాలు 2017 ఏప్రిల్‌లో చేసిన్రు. ఆర్ట్స్ కాలేజీ బిల్డింగు ప్రారంభమయింది 1939 డిసెంబర్ 4న. 'ఉస్మానియా పుట్టినరోజు' అని ఊకనే రాయకుండ, ఆ రోజు ఏం జరిగిందో ఆ క్రియ రాయండి. వచ్చింది, పాసయింది, తెరిచిన్రు, సంతకం పెట్టిన్రు. క్రియ సరిగ్గా పడితే సగం తప్పులు వాటంతట అవే పోతయి.

రెండో చిక్కు రాత్రి. ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను మనం, జర్నలిస్టులం, మర్చిపోవద్దు. రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి పోతుంటే దాడి చేసిన్రు. తెల్లవారితే 22. అందుకే కొందరు 21 అంటరు, కొందరు 22 అంటరు. దాడి జరిగిన రాత్రి 21, ప్రాణం పోయింది 22. రెండూ విడివిడిగా రాస్తే పంచాయితే లేదు. 2009 డిసెంబర్ 9 ప్రకటన గూడ రాత్రి పొద్దుపోయినంకనే వచ్చింది. మనకు పండుగ తెల్లారింది పదో తారీఖున.

అక్కడి నుంచే మూడో చిక్కు పుడుతది: మర్నాటి పేపరు. పాత పత్రికలు తిరగేసేటప్పుడు మొదటి పేజీ మీదున్న తారీఖును సంఘటనకు అంటగట్టొద్దు. ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ జరిగింది 2011 మార్చి 10న. దాని ఫోటోలు పేపర్లల్ల పడ్డది 11న. వార్త లోపల 'నిన్న', 'గురువారం' అని ఏమున్నదో చూడాలె. వారం పేరు చాలా పెద్ద సాక్షి. 1948 సెప్టెంబర్ 17 శుక్రవారం. 1908 సెప్టెంబర్ 28, మూసీ వరద వచ్చిన రోజు, సోమవారం. మీకు దొరికిన కాగితంలో వారం ఒకటి, తారీఖు ఒకటి అయితే ఆ రెండిట్ల ఒకటి తప్పు. అది తేలేదాక అచ్చుకు ఇయ్యొద్దు. మనం పాల్గొన్న సంఘటనకు గూడ ఇదే రూలు. 'నేను అక్కడున్న' అన్న మాట సంఘటనకు సాక్ష్యం, తారీఖుకు కాదు.

హిజ్రీ, ఫసలీ, తిథి

మన దగ్గర ఇంకో కష్టం ఉన్నది. మద్రాసు దిక్కు దస్తావేజులు ఇంగ్లీషు తారీఖులతోని ఉంటయి. మన పాత కాగితాలు హిజ్రీలో, ఫసలీలో ఉంటయి. హైదరాబాద్ నగరం పునాది వెయ్యో హిజ్రీ సంవత్సరం అంటరు. వెంటనే 1591 అని రాసేస్తం. వెయ్యో హిజ్రీ మొదలైందే 1591 అక్టోబర్‌లో. అది అయిపోయింది 1592 అక్టోబర్‌లో. అంటే ఆ ఏడాదిలో ఎక్కువ భాగం 1592లోనే ఉన్నది. ఎవరన్నా వచ్చి చార్మినార్ పునాదికి ఫలానా రోజు అని ఖాయంగా చెప్తే, ఆ కాగితం చూపెట్టమని అడగండి. ఇంకోటి: హిజ్రీ రోజు పొద్దుమూకగానే మొదలయితది. రాత్రి జరిగిన సంగతిని ఇంగ్లీషు తారీఖుకు మార్చేటప్పుడు ఒక రోజు ఇటు అటు అయితది.

ఫసలీ గురించి మన పట్వారీలకు తెలిసినంత మన చరిత్రకారులకు తెలువదనిపిస్తది. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ ఏడు ఆజూర్ నెలతోని, అక్టోబర్ మొదటి వారంలో మొదలయ్యేది. 'ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం' అని ఒక లెక్క చెప్తరు. అది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకనే నడుస్తది. జనవరి నుంచి 591 కలపాలె. 1357 ఫసలీ మొదలైంది 1947 అక్టోబర్‌లో. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబర్ గూడ అదే 1357లోకి వస్తది. అన్నిటికీ 590 కలిపినోడు పోలీసు చర్యను ఒక ఏడాది ముందటికి జరుపుతడు. 1947లో పోలీసు చర్య అంటే నవ్వుతరు. కానీ తెలువని ఊరి తిరుగుబాటుకు అదే తప్పు చేస్తే ఎవ్వరూ నవ్వరు, అందరూ నమ్ముతరు.

ఇప్పుడు కొమురం భీం. జల్, జంగల్, జమీన్ అన్న వీరుడు జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. ఏ రోజు? కొన్ని వ్యాసాల్లో సెప్టెంబర్ 1 అని ఉంటది, కొన్నిట్ల అక్టోబర్ 27 అని ఉంటది. ఆదివాసులు మాత్రం ఏటేటా ఆశ్వయుజ పున్నమి నాడు జోడేఘాట్‌లో యాది చేసుకుంటరు. ఒకే వ్యాసంలో 'సెప్టెంబర్ 1, ఆశ్వయుజ పున్నమి' అని రెండూ కలిపి రాసినోల్లు గూడ ఉన్నరు.

దీన్ని సరిచూసే దారి ఉన్నది. 1940 అక్టోబర్ 1న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. బ్రెజిల్, దక్షిణాఫ్రికా దిక్కు కనిపించింది. సూర్యగ్రహణం అమావాస్య నాడే పడుతది. ఆ అమావాస్య తర్వాత మొదలైంది ఆశ్వయుజం. అక్కడి నుంచి పదిహేను రోజులు లెక్కపెడితే పున్నమి అక్టోబర్ 16, బుధవారం. మన బతుకమ్మ నడిచే నెల అది. ఇంకో తీరుగ గూడ చూసుకోవచ్చు. తిథులు 19 ఏండ్లకు ఒకసారి దాదాపు అదే తారీఖుకు తిరిగొస్తయి. 1940కి నాలుగు పంతొమ్మిదులు కలిపితే 2016. ఆ ఏడు గూడ ఆశ్వయుజ పున్నమి అక్టోబర్ 15, 16 తారీఖులల్లనే వచ్చింది. మరి 1940 సెప్టెంబర్ 1? దాదాపు అమావాస్య. అక్టోబర్ 27? దీపావళికి మూడు నాలుగు రోజుల ముందు, కృష్ణపక్షం. ఆ రెండూ పున్నమి అయ్యే వీలే లేదు.

నేను భీం అక్టోబర్ 16న అమరుడయిండని తేల్చి చెప్తలేను. పున్నమి అన్నది నిజమైతే ఆ తారీఖు తప్ప ఇంకోటి కుదరదు అంటున్న. నా మటుకు నేను జోడేఘాట్ యాదినే నమ్ముత. తుపాకీ పట్టుకొని వచ్చినోల్లు రాసుకున్న కాగితం కన్నా, మనిషిని పోగొట్టుకున్న ఊరు పెట్టుకున్న యాది తక్కువది కాదు. కాబట్టి మన శీర్షికలో భీంను ఏ ఏడుకు ఆ ఏడు ఆశ్వయుజ పున్నమి నాడే రాయాలె. తారీఖు మారుతది, మారనియ్యండి. ఉగాది మారుతలేదా, రంజాన్ మారుతలేదా?

పేరు పెట్టే కాడ

కొన్ని రోజుల తారీఖు మీద పంచాయితీ ఉండదు, పేరు మీద ఉంటది. సెప్టెంబర్ 17 అటువంటిదే. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినం అన్నది, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అన్నది. 2024లో రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినం అన్నది. విలీనం అనేటోల్లున్నరు, విద్రోహం అనేటోల్లున్నరు. ఈ పంచాయితీ తెంపే శక్తి నాలుగు వరుసల శీర్షికకు లేదు. నేనైతే ఇట్ల రాస్త: '1948: భారత సైన్యం అడుగుపెట్టిన ఐదో రోజు నిజాం కాల్పుల విరమణ ప్రకటించిండు. మర్నాడు ఆయన సేనాని ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయిండు.' ఇందులో ఎవరూ కాదనేది లేదు. ఆ తర్వాత జరిగిన హత్యల మీద సుందర్‌లాల్ కమిటీ వచ్చిన సంగతి, సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా నడిచిన సంగతి, నిజాం 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్న సంగతి వాటి వాటి రోజుల్లో రాయాలె. ఏడాదంతా చదివినోనికి ఆ పేర్లల్ల ఏది సరైందో తనకే తెలుస్తది.

పొట్టి శ్రీరాములు గారి విషయంలో గూడ అంతే. ఆయన నిరాహార దీక్షలో ప్రాణం విడిచింది 1952 డిసెంబర్ 15న, మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం కోసం. ఆ రాష్ట్రం 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956 నవంబర్ 1న. ఆయన ఆంధ్రప్రదేశ్ కోసం చనిపోయిండని రాస్తే, అడగని దాన్ని ఆయన మీద రుద్దినట్టు. ఆయన త్యాగం పెద్దది. ఉన్నదున్నట్టు చెప్తేనే దానికి గౌరవం.

మన దిక్కు గూడ చూసుకోవాలె

అవతలోల్ల తప్పులు పట్టుడు అల్కటి పని. ఇప్పుడు మన దిక్కు వద్దాం. 1969 అమరులు 369 మంది అని మనం ఏండ్ల సంది అంటున్నం. గన్‌పార్క్ స్థూపం కాడ తలవంచుతం. నేను మిమ్ముల ఒకటే అడుగుత. ఆ 369 మందిలో పేరు, ఊరు, తారీఖు, మూడూ చెప్పగలిగేది ఎంతమందిని? మీ మండలంలో ఒక్కరిని చెప్పండి. సంఖ్యను గట్టిగా పలికే కొద్దీ పేర్లు వెనకకు పోతున్నయి. ఎవడో ఒకడు లేచి 'లెక్క చూపెట్టు' అంటే మనం కోపానికి వస్తున్నం. కోపం ఎందుకు? చూపెట్టాలె. సురవరం చూపెట్టినట్టు.

ఈ పని చేసే జాగలు ఉన్నయి. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉన్నది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నది. 1901 సెప్టెంబర్ 1న పుట్టిన శ్రీకృష్ణదేవరాయ భాషా నిలయం ఉన్నది. ఊర్లల్ల గ్రామ పంచాయతీ మరణాల రిజిస్టర్లు, పోలీస్ స్టేషన్ ఎఫ్ఐఆర్‌లు, దవాఖాన కాగితాలు, సమాధి రాళ్లు ఉన్నయి. ఉర్దూ చదవొచ్చినోల్లను పక్కన కూసోబెట్టుకోండి. మన చరిత్ర సగం ఆ లిపిలో ఉన్నది.

రెండు ఆధారాలు ఉంటేనే రాయాలని మీకు చెప్పి ఉంటరు. మంచి మాటే. కానీ ఒకదాన్ని చూసి ఇంకోటి రాసుకున్న పది పుస్తకాలు గూడ ఒకటే ఆధారం. అందరూ ఒకే తప్పును ఒకే మాటల్లో రాసిన్రంటే, వాల్లంతా ఒకే బావిలో నీళ్లు తోడుకున్నట్టు. ఆ బావి ఏదో పట్టుకోవాలె.

తారీఖు దొరకకపోతే ఏం చేయాలె? 'ఈ నెలలో' అని రాయండి. నెల గూడ దొరకకపోతే 'ఈ ఏడు' అని రాయండి. దొంగ తారీఖు మాత్రం వేయొద్దు. ఒక్కసారి వేస్తే ఆ మనిషి కోసం వెతికేటోడు అక్కడితోనే ఆగిపోతడు. ఖాళీ జాగ ఉంటేనే ఇంకొకడు వెతుకుతడు. తప్పు అచ్చయిందని తేలితే అదే మూలన, అంతే అక్షరాల్లో సవరణ వేయాలె. లోపలి పేజీలో దాచిపెట్టిన సవరణ సవరణ కాదు.

ఇంటికి పోయే ముందు ఒక పని ఒప్పుకోండి. వచ్చే నెల లోపల మీలో ఒక్కొక్కరు మీ మండలం నుంచి ఒక్క పేరు తేవాలె. 1946 సంది కావొచ్చు, 1952 ముల్కీ ఉద్యమం కావొచ్చు, 1969 కావొచ్చు, మలిదశ కావొచ్చు. పేరు, ఊరు, తారీఖు. ఆ తారీఖు ఎట్ల తెలిసిందో ఒక్క వాక్యం. దాని కింద మీ సంతకం. సంతకం ఎందుకంటే, తారీఖు వేసుడంటే సాక్ష్యం చెప్పుడే. సాక్ష్యం చెప్పేటోడు పేరు దాచుకోవద్దు.

జై తెలంగాణ!